మెడ వెనక నరానికి సూది వేయించుకోవాలా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. తొమ్మిదేళ్ళుగా తలనొప్పి. గత రెండేళ్ళుగా నెలలో ఇరవై రోజులకు తక్కువ కాకుండా వస్తోంది. మెడ పైభాగంలో పట్టేసినట్టు మొదలై, మాడు మీదుగా కుడి కంటి వెనక్కి దిగుతుంది. వెలుతురు పడదు, వాంతి వచ్చినట్టుంటుంది. తలనొప్పి రాకుండా ఇచ్చే ప్రొప్రనొలాల్ వాడితే తగ్గలేదు. అలాంటిదే ఇంకో మందు టోపిరమేట్ వాడితే నోటి దాకా వచ్చిన మాట బయటికి రావట్లేదని ఆపేశారు. స్కాన్‌లో ఏమీ లేదన్నారు. ఇప్పుడు నరాల డాక్టరుగారు "తల వెనక నరానికి బ్లాక్ చేద్దాం" అంటే, మెదడు పక్కన సూదేమిటని ఇంట్లోవాళ్ళు బెంబేలెత్తుతున్నారు. ప్రమాదమా, నొప్పి శాశ్వతంగా పోతుందా, ఒకసారి మొదలుపెడితే బతికినన్నాళ్ళూ చేయించుకుంటూనే ఉండాలా అని అడిగారు. చివర్లో జుట్టు గొరగాలా అని కూడా.

నేను మత్తు డాక్టరుగా మొదలుపెట్టి నొప్పి వైద్యంలోకి వచ్చినదాన్ని. ఈ సూది వేయడం నాకు దాదాపు రోజూ ఉండే పని. మిమ్మల్ని చూడకుండా చేయించుకోమనో వద్దనో చెప్పే హక్కు నాకు లేదు. నా ఎదుట కూర్చున్న పేషెంటుకి ఏం చెబుతానో అదే రాస్తున్నాను.

ముందు భయం సంగతి. బ్లాక్ అంటే నరం చుట్టూ మత్తుమందు వేసి దాన్ని కాసేపు మొద్దుబార్చడం. ఈ సూది మెదడు దాకా వెళ్ళదు, వెన్నుపాము దగ్గరికీ పోదు. పుర్రెకి బయటే, చర్మానికీ ఎముకకీ మధ్య ఉన్న కాస్త మందంలో పని అయిపోతుంది. మనం మందు వేసే నరం పేరు గ్రేటర్ ఆక్సిపిటల్ నెర్వ్. మెడలో రెండో నరం నుంచి చీలి, మెడ వెనక కండరాలని దాటుకుని పైకొచ్చి, తల వెనక భాగం నుంచి నడినెత్తి దాకా చర్మానికి స్పర్శనిస్తుంది. చేతులు కాళ్ళు కదిలించడంతో దీనికి సంబంధం లేదు. కాబట్టి ఈ నరానికి మత్తిస్తే పక్షవాతం వస్తుందేమోనన్న మీవాళ్ళ భయం వదిలేయండి.

మరి నొప్పి కంటి వెనక ఉంటే మందు మెడ దగ్గర ఎందుకు? అందరూ అడుగుతారు, అడగాల్సిందే. ముఖం, కన్ను, నుదురు నుంచి వచ్చే ట్రైజెమినల్ నరమూ, మెడ పైభాగం నుంచి వచ్చే నరాలూ మెదడు కాండం దిగువన ఒకే చోటికి చేరతాయి. రెండు కాలువలు ఒకే చెరువులో పడితే ఏ నీరు ఎటునుంచి వచ్చిందో చెరువుకి తెలుస్తుందా? అలాగే మెడలో రేగిన నొప్పి కంటి వెనక తెలుస్తుంది, మైగ్రేన్‌లో మెడ పట్టేస్తుంది. ఆ రెండు కాలువల్లో మన చేతికి సులువుగా అందేది మెడ వైపుది. దానికి కాసేపు అడ్డుకట్ట వేస్తే చెరువులో మట్టం తగ్గుతుందని ఆశ. మత్తు కొన్ని గంటల్లో వదిలిపోయినా ఉపశమనం రోజులు, వారాలు నిలబడటానికి చెప్పే వివరణ కూడా ఇదే: ఎడతెరిపి లేకుండా ఉద్రేకంలో ఉన్న ఆ కూడలికి కాస్త విశ్రాంతి దొరుకుతుంది.

పని ఎలా జరుగుతుందో తెలిస్తే సగం భయం పోతుంది కాబట్టి చెబుతాను. మిమ్మల్ని కుర్చీలో కూర్చోబెట్టి, ముందున్న బల్ల మీద దిండు వేసి, దానిమీద చేతులు ముడిచి, చేతుల మీద నుదురు ఆనించమంటాను. తల వెనక నడిమధ్యన, పుర్రె అంచుకి కాస్త పైన ఒక బొడిపె ఉంటుంది. ఇప్పుడే తడిమి చూసుకోండి, తగులుతుంది. చెవి వెనక ఇంకో గట్టి ఎముక ఉంటుంది. ఈ రెంటినీ కలుపుతూ ఒక గీత ఊహించి మూడు భాగాలు చేస్తే, నడిమి బొడిపె వైపు నుంచి మొదటి భాగం ముగిసేచోట నరం ఉంటుంది. దానికి ఆనుకుని, చెవి వైపున, ధమని కొట్టుకుంటూ వేలికి తెలుస్తుంది. అక్కడ నొక్కి "ఇక్కడేనా?" అంటాను. కొందరు జవాబు చెప్పరు, భుజాలు బిగుసుకుంటాయి. అదే జవాబు.

స్పిరిట్ రాసి, ఇన్సులిన్ సూది కంటే కాస్త లావుండే సన్నటి సూదిని లోపలికి పంపిస్తాను. ఎముకకి తగలగానే ఒక వెంట్రుకవాసి వెనక్కి లాగి, సిరంజిలోకి రక్తం రావట్లేదని చూసుకుని, రెండు మూడు మిల్లీలీటర్ల మందు ఆ చుట్టుపక్కల మెల్లగా వదులుతాను. చుర్రుమంటుంది. తర్వాత లోపల ఏదో ఉబ్బుతున్నట్టు ఒత్తిడి తెలుస్తుంది. ఒక నిమిషం దూది పెట్టి నొక్కి పట్టుకుంటాం. అంతే. కొందరు డాక్టర్లు అల్ట్రాసౌండ్‌లో చూస్తూ వేస్తారు. నరాన్ని ఇంకా కిందన, మెడ కండరాల మధ్య పట్టుకోవాలంటే అది కావాలి. పైన వేసే మామూలు బ్లాక్‌కి అనుభవమున్న వేళ్ళు చాలు.

పది నిమిషాలాగి దూదిని వత్తిలా చేసి తల రెండు వైపులా రాసి చూస్తాను. బ్లాక్ చేసిన వైపు స్పర్శ తెలియకూడదు. పన్ను పీకించుకున్నాక పెదవి ఎలా ఉంటుందో, నెత్తి అలా ఉంటుంది. ఒకావిడ "ఎవరిదో టోపీ పెట్టుకున్నట్టుంది" అంది.

ఈ దూది పరీక్ష చేయకుండా పంపేస్తే మీరే అడిగి చేయించుకోండి. ఎందుకంటే మొదటి బ్లాక్ మందు మాత్రమే కాదు, పరీక్ష కూడా. నెత్తి మొద్దుబారి, నొప్పీ తగ్గిందనుకోండి: ఈ నరం దారిలో పనిచేస్తే మీకు ఫలితం ఉంది, ముందుకెళ్ళవచ్చు. నెత్తి బాగా మొద్దుబారినా నొప్పి మాత్రం కదలకుండా కూర్చుందనుకోండి: మందు చేరాల్సిన చోటికే చేరింది, మీ నొప్పికి దారి వేరు. ఒక్కసారితో తేల్చేయలేం కానీ, అలా రెండోసారి కూడా జరిగితే మూడోసారి చేయించుకోవడంలో నాకు అర్థం కనబడదు. ఇక నెత్తి మొద్దుబారనూ లేదు, నొప్పి తగ్గనూ లేదు అంటే అసలు బ్లాకే పడలేదు. దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. "బ్లాక్ చేయించుకున్నా, నాకు పనిచేయలేదు" అని నా దగ్గరికి వచ్చినవాళ్ళని, ఆ రోజు నెత్తి మొద్దుబారిందా అని అడిగితే చాలామందికి గుర్తుండదు. అప్పుడు మళ్ళీ మొదటికి రావాల్సి వస్తుంది.

ఇంకో మెలిక ఉంది. బ్లాక్‌తో తగ్గింది కాబట్టి మీది ఆక్సిపిటల్ న్యూరాల్జియా, అంటే ఈ తల వెనక నరమే రేగి పుట్టించే నొప్పి, అని ఎవరైనా తేల్చేస్తే వెంటనే తలూపకండి. న్యూరాల్జియా అని ఖాయం చేయడానికి బ్లాక్‌తో తగ్గడం ఒక షరతే. కానీ మైగ్రేన్, క్లస్టర్ తలనొప్పి (ఒక కంటి చుట్టూ విడతలు విడతలుగా వచ్చే తీవ్రమైన నొప్పి) కూడా ఇదే సూదికి తగ్గుతాయి. న్యూరాల్జియా నొప్పి తీరు వేరుగా ఉంటుంది: తల వెనక కరెంటు కొట్టినట్టు, సూదులతో పొడిచినట్టు క్షణాల్లో వచ్చిపోతుంది, దువ్వెన పెడితే ఓర్చుకోలేరు. మీరు రాసిన లక్షణాలు నాకు ఎక్కువగా దీర్ఘకాల మైగ్రేన్ వైపే మొగ్గుతున్నాయి. నెలలో 15 రోజులూ ఆపైన తలనొప్పి, అందులో కనీసం 8 రోజులు మైగ్రేన్ లక్షణాలు, ఇలా మూడు నెలలకు పైగా ఉంటే దాన్ని ఆ పేరుతో పిలుస్తారు.

ఏ నొప్పికి ఈ సూది ఎంతవరకు పనిచేస్తుందన్న విషయంలో దాపరికం లేకుండా చెబుతాను. క్లస్టర్ తలనొప్పికి, స్టెరాయిడ్ కలిపి వేస్తే, మంచి ఆధారాలున్నాయి. ఆక్సిపిటల్ న్యూరాల్జియాకి దాదాపు అందరం దీనితోనే మొదలుపెడతాం. దీర్ఘకాల మైగ్రేన్‌కి వచ్చేసరికి ఫలితాలు కలగాపులగం. కొన్ని అధ్యయనాల్లో వారాలపాటు నొప్పి రోజులు తగ్గాయి, ఇంకొన్నింట్లో ఉత్తుత్తి సూదికీ దీనికీ పెద్ద తేడా రాలేదు. నా పేషెంట్లలో కొందరు మొదటి గంటలోనే ఏడ్చేశారు, నొప్పి లేకుండా ఎలా ఉంటుందో మర్చిపోయామని. ఇంకొందరు రెండు వారాలాగి ఏమీ మారలేదన్నారు. ఎవరు ఏ వైపు వెళతారో ముందే చెప్పగల విద్య నా దగ్గర లేదు.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. మీరు రాసినదాంట్లో, నొప్పిబిళ్ళ వేసుకోని రోజు దాదాపు లేదని ఒక ముక్క అనేసి ముందుకెళ్ళిపోయారు. నాకు సూది కంటే ఆ ముక్కే పెద్దగా కనబడింది. పారాసెటమాల్, ఇబుప్రొఫెన్ లాంటి మామూలు బిళ్ళలు నెలలో 15 రోజులూ ఆపైన, మైగ్రేన్ వచ్చినప్పుడు వేసుకునే ట్రిప్టాన్లు గానీ రెండు మూడు మందులు కలిపిన బిళ్ళలు గానీ కోడీన్ జాతివి గానీ 10 రోజులూ ఆపైన, మూడు నెలలకు మించి వాడుతుంటే ఆ బిళ్ళలే తలనొప్పిని పెంచి పోషిస్తాయి. మైగ్రేన్ ఉన్నవాళ్ళకి ఇది మరీ తొందరగా పట్టుకుంటుంది. ఎన్ని బిళ్ళలు మింగారన్నది కాదు ఇక్కడ లెక్క, ఎన్ని రోజులు మింగారన్నది. ఇలా బిళ్ళల ఊబిలో ఉన్నవాళ్ళకి నరం బ్లాక్ విఫలమయ్యే అవకాశం కూడా ఎక్కువ.

ఒక పేషెంటు గుర్తొస్తోంది. మూడుసార్లు వేరే చోట బ్లాక్ చేయించుకుని, ప్రతిసారీ పది రోజులు హాయిగా ఉండి, మళ్ళీ మొదటికొచ్చి నా దగ్గరికి వచ్చింది. నాలుగోది వేయమంది. వేయలేదు. గోడ క్యాలెండర్ కాగితం ఒకటి చించి ఇచ్చి, నొప్పి వచ్చిన రోజు సున్నా చుట్టమని, బిళ్ళ వేసుకున్న రోజు అడ్డగీత కొట్టమని పంపాను. నెల తర్వాత తెచ్చిన కాగితంలో సున్నాలు 22, గీతలు 26. నొప్పి లేని రోజుల్లో నాలుగు గీతలేమిటన్నాను. "వస్తుందేమోనని ముందే వేసుకున్నా" అంది. అప్పటికి ముగ్గురు డాక్టర్లని చూసిన మనిషి. ఎవరూ ఆ గీతలు లెక్కపెట్టలేదు, ఆమె కూడా చెప్పలేదు. తర్వాత నాలుగో బ్లాక్ వేశాను. ఈసారి ఆ పది రోజుల వెసులుబాటులో బిళ్ళలు ఆపించాను, అదే వారం రాత్రిపూట అమిట్రిప్టిలిన్ అనే నివారణ మందు చిన్న మోతాదులో మొదలుపెట్టించాను. సూదీ అదే, మందూ అదే. ఆర్నెల్ల తర్వాత గీతలు ఆరు.

అందుకే ఈ సూదిని నేను వైద్యం అనను, గడువు అంటాను. కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు, అదృష్టం బాగుంటే రెండు మూడు నెలలు మీకు గడువు దొరుకుతుంది. శాశ్వతం మాత్రం కాదు. ఆ గడువులో నొప్పిబిళ్ళలు తగ్గించే పని, సరైన నివారణ మందు మొదలుపెట్టే పని, నిద్ర దారిలో పెట్టే పని, మెడకి వ్యాయామం మొదలుపెట్టే పని జరగాలి. మీ డాక్టరుగారిని "బ్లాక్ పనిచేస్తే తర్వాత ఏం చేద్దాం?" అని అడగండి. "మళ్ళీ వస్తే మళ్ళీ వేద్దాం" అన్నదొక్కటే జవాబైతే ఇంకొకరి అభిప్రాయం తీసుకోండి. బిళ్ళలు ఆపడం కూడా ఆయన చేతుల మీదే జరగాలి. కోడీన్, ట్రమడాల్ లాంటివి రోజూ వాడుతూ హఠాత్తుగా మానేయకూడదు. మామూలు బిళ్ళలు మానినా మొదటి వారం పది రోజులు నొప్పి ఎదురుతిరుగుతుంది. ఆ రోజుల్ని దాటించడానికే బ్లాక్ బాగా అక్కరకొస్తుందని నా నమ్మకం.

సిరంజిలో ఏముంటుందో తెలుసుకోవాలి. లిగ్నోకెయిన్ గానీ, బ్యూపివకెయిన్ గానీ, ఈ రెండు మత్తుమందులూ కలిపి గానీ ఉంటాయి. మొదటిది నిమిషాల్లో పట్టుకుని ఒకటి రెండు గంటల్లో వదులుతుంది, రెండోది మెల్లగా పట్టుకుని ఎక్కువ గంటలుంటుంది. వీటికి అలవాటు పడటమనేది లేదు, కాబట్టి జీవితాంతం వేయించుకోవాలేమోనన్న భయం వద్దు. అవసరమైతే రెండు నుంచి నాలుగు వారాలకోసారి మళ్ళీ వేయవచ్చు. స్టెరాయిడ్ కలిపితే లెక్క వేరు. దాన్ని మూడు నెలల లోపు మళ్ళీ వేయకపోవడం మంచిది. క్లస్టర్‌కి స్టెరాయిడ్ కావాలి. మైగ్రేన్‌కి అది కలిపినందువల్ల అదనంగా ఒరిగేదేమీ సరిగా కనబడలేదు కాబట్టి నేను కలపను. కలిపే డాక్టర్లూ ఉన్నారు, వాళ్ళ కారణాలు వాళ్ళకుంటాయి. ఎందుకు కలుపుతున్నారో అడగండి, తప్పులేదు.

స్టెరాయిడ్‌తో ఒక చిన్న చిక్కు ముందే తెలిసుండాలి. సూది పడ్డచోట జుట్టు రాలి, చర్మం పలచబడి గుంట పడవచ్చు. ట్రయామ్సినొలోన్ లాంటి నిదానంగా కరిగే రకాలు చర్మానికి దగ్గరగా పడితే ఇది ఎక్కువ. బొటనవేలి గోరంత బోడి మచ్చతో వచ్చిన ఒకాయన్ని చూశాను. నెలల తర్వాత జుట్టు తిరిగి వచ్చింది, ఆ నెలల్లో ఆయన టోపీ తీయలేదు. షుగరు ఉన్నవాళ్ళకి స్టెరాయిడ్ పడ్డాక కొన్ని రోజులు షుగరు పెరుగుతుంది. హెచ్‌ఐవీకి రిటోనవిర్ ఉన్న మందులు వాడుతున్నవాళ్ళు తప్పకుండా చెప్పాలి. అవి ఉన్నప్పుడు కొన్ని స్టెరాయిడ్లు ఒంట్లోంచి పోకుండా పేరుకుపోయి ప్రమాదం తెస్తాయి.

మిగిలిన ఇబ్బందులు చిన్నవే. రెండు రోజులు సూది చోట నొప్పి, కాస్త వాపు, అరుదుగా రక్తం గూడుకట్టడం, ఇంకా అరుదుగా చీము పట్టడం. మందు పొరపాటున రక్తనాళంలోకి పోతే చెవుల్లో హోరు, నోట్లో లోహపు రుచి, మరీ ఎక్కువైతే ఫిట్స్ రావచ్చు. అందుకే సిరంజి వెనక్కి లాగి చూసేది. తరచుగా జరిగేది మాత్రం కళ్ళు తిరగడం. కొత్తల్లో నేనే ఒక కుర్రాడికి వేసి, బాగానే ఉన్నానంటే వెంటనే లేచి నిలబడనిచ్చాను. తలుపు దాకా కూడా వెళ్ళలేదు, గోడకి జారిపోయాడు. దెబ్బేమీ తగల్లేదు కానీ ఆ రోజు నుంచి పదిహేను నిమిషాలు పడుకోబెట్టకుండా ఎవర్నీ లేవనివ్వను. మీకు సూదంటే కళ్ళు తిరిగే గుణముంటే ముందే చెప్పండి, పడుకోబెట్టే వేస్తారు.

ఇంకొన్ని చెప్పి తీరాలి. గతంలో తల వెనక ఆపరేషన్ జరిగి పుర్రె ఎముకలో ఖాళీ ఉంటే, ఈ సూది గుడ్డిగా వేయకూడదు. నేను మొదట్లో చెప్పిన "మెదడు దాకా వెళ్ళదు" అన్న భరోసా ఆ ఎముక ఉన్నందువల్లే. పన్ను డాక్టరు దగ్గర మత్తు సూది పడకపోతే అది చెప్పండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే వాటి పేర్లు చెప్పండి, మీ అంతట మీరు ఆపేయకండి. గర్భం ఉన్నా, ఉందేమోనన్న అనుమానమున్నా చెప్పండి. నిజానికి గర్భిణులకి చాలా మైగ్రేన్ మందులు కుదరవు కాబట్టి స్టెరాయిడ్ లేకుండా ఒక్క లిగ్నోకెయిన్‌తో వేసే బ్లాక్ మంచి దారి.

సూది సంగతి పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాల్సిన తలనొప్పులున్నాయి. పిడుగు పడ్డట్టు క్షణాల్లో తారస్థాయికి చేరేది, జ్వరంతో మెడ వంగకుండా వచ్చేది, చెయ్యి కాలు లాగేస్తూనో మాట ముద్దవుతూనో చూపు తగ్గుతూనో వచ్చేది, 50 ఏళ్ళు దాటాక కొత్తగా మొదలయ్యేది. మీది తొమ్మిదేళ్ళుగా ఒకే తీరు అంటున్నారు, స్కానూ బాగుంది కాబట్టి మీ విషయంలో అంత అనుమానం లేదు. తీరు మారితే మాత్రం ఆలోచించకండి.

బ్లాక్ ఒక్కటే దారి కాదని కూడా తెలిసుండాలి. దీర్ఘకాల మైగ్రేన్‌కి బొటాక్స్ ఉంది. అమెరికాలో 2010లో అనుమతి వచ్చింది. తల, మెడ, భుజాల మీద 31 చోట్ల కలిపి 155 యూనిట్లు, 12 వారాలకోసారి వేస్తారు. మైగ్రేన్ నొప్పిలో పాత్ర ఉన్న సీజీఆర్పీ అనే పదార్థాన్ని అడ్డుకునే, నెలకోసారి వేసుకునే ఇంజెక్షన్లు 2018 నుంచి ఉన్నాయి. మైగ్రేన్ కోసమే తయారైన నివారణ మందులవి. వీటి వెనకున్న ఆధారాలు బ్లాక్ కంటే గట్టివి, ఖర్చూ అంతే గట్టిది. బ్లాక్‌తో బాగా తగ్గి, తొందరగా తిరగబెట్టే న్యూరాల్జియాకి పల్స్‌డ్ రేడియోఫ్రీక్వెన్సీ అని, నరాన్ని కాల్చకుండా విద్యుత్ తరంగాలతో శాంతింపజేసే పద్ధతి ఒకటుంది. నరాన్ని కోసేద్దామనో, ఆల్కహాల్‌తో కాల్చేద్దామనో ఎవరైనా తొందరపెడితే ఒప్పుకోకండి. పాడైన నరం కొత్త నొప్పి పుట్టించగలదు, దాన్ని వెనక్కి తీసుకోలేం.

నా చెల్లెలు మీ స్థితిలో ఉంటే ఏం చెప్పేదాన్నో చెబుతాను. స్టెరాయిడ్ లేకుండా ఒకసారి చేయించుకోమంటాను. పోయేది తక్కువ, తెలిసేది ఎక్కువ. కానీ అపాయింట్‌మెంట్ తీసుకునే ముందు ఒక నెల సున్నాలూ గీతలూ పెట్టమంటాను, ఆ కాగితం డాక్టరు బల్ల మీద పెట్టమంటాను. వీలైతే నొప్పి ఉన్న రోజునే వెళ్ళమంటాను, నొప్పి లేనప్పుడు వేస్తే పరీక్షగా పనికిరాదు. వెళ్ళేటప్పుడు నొప్పి పదికి ఎంతుందో, అరగంటకి ఎంతుందో, ఆ సాయంత్రం ఎంతుందో, తర్వాత రోజూ ఎంతుందో రాసుకోమంటాను. తోడుగా ఒకరిని తీసుకెళ్ళండి, బండి మీరు నడపకండి. నెత్తి మొద్దుబారి ఉన్నంతసేపు వేడినీళ్ళు పోసుకోవద్దు, కాలినా తెలియదు.

జుట్టు గొరగరు. పాయ పక్కకి తీసి క్లిప్పు పెట్టి వేస్తారు. ఆ రోజు గట్టిగా జడ వేసుకోకుండా, వదులుగా ముడిచి వెళ్ళండి.